గోకుడంతా గజ్జి కాదు! కుక్క చర్మం చూసి మందు వాడండి

రొయ్యల చెరువు గట్టు మీద ఒక కుక్క. కొబ్బరితోట మకాంలో ఒకటి. పాడిపశువుల సావిట్లో మరొకటి. పాలకొల్లు చుట్టుపక్కల రైతు మకాం ఉన్న చోట కాపలాకి కుక్క కూడా ఉంటుంది. గేదె ఒక పూట మేత మానితే డాక్టరు దగ్గరకు పరుగెత్తే రైతు, కుక్క నెల రోజులుగా గోక్కుంటున్నా "గజ్జిలే, అదే తగ్గిపోద్ది" అని ఊరుకుంటాడు. తగ్గకపోతే ట్రాక్టరులోంచి తీసిన పాడు ఇంజనాయిలు పూస్తాడు. అప్పటికీ తగ్గకపోతే చేలో కొట్టగా మిగిలిన పురుగుమందు నీళ్లలో కలిపి ఒంటి మీద పోస్తాడు. మర్నాటికి గోకుడు ఉండదు. కుక్కా ఉండదు.

ఇలా పోయిన కుక్కను చంపింది జబ్బు కాదు, మందు. గజ్జి అని మనం ఒక్క పేరు పెట్టేసినా అందులో కనీసం అరడజను వేరువేరు జబ్బులున్నాయి. ఒకదానికి పనిచేసే మందు ఇంకోదానికి పనిచెయ్యదు. కొన్నిటికి అదే మందు చెరుపు చేస్తుంది. కొన్ని మనుషులకు, ముఖ్యంగా పిల్లలకు అంటుకుంటాయి. కొన్ని ఎవరికీ అంటవు. అందుకే మందు సీసా పట్టుకునే ముందు కుక్కను పగటి వెలుతురులో నిలబెట్టి, చెవుల దగ్గర నుంచి తోక దాకా ఒక్కసారి పరీక్షగా చూడాలి.

కుక్క చర్మం మన చర్మం కాదు

మనిషి చర్మం పైపొరలో పది పదిహేను వరసల కణాలుంటే, కుక్కకు మూడు నుంచి అయిదు వరసలే ఉంటాయి. వెంట్రుకల కింద ఉన్నది చాలా పలుచని తోలు అన్నమాట. మన చర్మానికి కొంచెం ఆమ్లగుణం ఉంటుంది. కుక్క చర్మం ఇంచుమించు తటస్థంగా ఉంటుంది. మన ఒంటి సబ్బు, బట్టల సబ్బు, అంట్ల పొడి దానికి పడకపోవటానికి కారణం ఇదే. వాటితో తరచూ రుద్దితే చర్మంలోని నూనె పోయి, ఎండి, పొట్టు లేచి, లేని గోకుడు కొత్తగా మొదలవుతుంది.

దీనికి తోడు మన వాతావరణం. జూన్ నుంచి నవంబరు దాకా గోదావరి డెల్టాలో తేమ ఎక్కువ. చెరువు గట్టు మీద తిరిగే కుక్క కాళ్లు, పొట్ట ఎప్పుడూ తడిగానే ఉంటాయి. తడి ఆరని చర్మం మీద బూజు, ఈస్టు, చీము పుట్టించే సూక్ష్మజీవులు తేలిగ్గా పెరుగుతాయి. గుబురు బొచ్చు కుక్కల్లో ఈ బాధ మరీ ఎక్కువ.

గోకే చోటే గుర్తు

కుక్క ఎక్కడ గోక్కుంటోంది, వెంట్రుక ఎక్కడ రాలింది అన్నది చూస్తే జబ్బు సగం తెలిసిపోతుంది.

- చెవి అంచులు, మోచేతులు, పొట్ట అడుగు భాగం: పొట్టు లేచి, రాత్రీ పగలూ ఆగకుండా గోక్కుంటుంటే అంటుగజ్జి అని అనుమానించాలి.
- నడుము చివర, తోక మొదలు: అక్కడే కొరుక్కుంటుంటే గెంతే పురుగుల పని. వీటిని డాక్టర్లు ఫ్లీ అంటారు.
- కళ్ల చుట్టూ, మూతి, ముందుకాళ్లు: వెంట్రుక రాలినా గోకుడు అంతగా లేకపోతే డెమోడెక్స్ అనే రెండో రకం గజ్జి కావచ్చు.
- గుండ్రటి మచ్చలు: మధ్యలో వెంట్రుక విరిగి, అంచున పొట్టు ఉంటే తామర.
- చెవి లోపల, వేళ్ల సందులు, మెడ ముడతలు: జిడ్డుగా ఉండి మురిగిన వాసన వస్తుంటే ఈస్టు.
- పాదాలు అదేపనిగా నాకటం, ముఖం గోడకు రుద్దటం: పడకపోవటం, అంటే అలర్జీ.
- ఒంటికి రెండు పక్కలా ఒకే రకంగా వెంట్రుక పల్చబడి, గోకుడు లేకపోతే: లోపలి గ్రంథుల లోపం.

ఇవి గుర్తులే కానీ తీర్పులు కావు. ఒకే కుక్కకు రెండు మూడు జబ్బులు కలిసి ఉండటం మామూలే. ఖాయంగా తెలియాలంటే పశువైద్యుడు చర్మాన్ని బ్లేడుతో కొద్దిగా గీకి, ఆ పొట్టును సూక్ష్మదర్శిని కింద చూడాలి. రొయ్య పిల్ల చెరువులో వదిలేముందు ల్యాబులో పరీక్ష చేయించే రైతుకు ఈ పద్ధతి కొత్తది కాదు. చెరువుకు చేసేదే కుక్కకూ చెయ్యాలి.

పిడుదులు: కుక్క మీద కొన్ని, గోడలో వెయ్యి

మన ప్రాంతంలో కుక్కలను పీడించే వాటిలో మొదటిది పిడుదు. గోమారి అని కూడా అంటారు. కుక్కను పట్టేది గోధుమరంగు పిడుదు. పశువును పట్టేది సాధారణంగా వేరే రకం. పశువు పిడుదు పిల్లదశ నుంచి పెద్దదయ్యేదాకా ఒకే పశువు మీద ఉంటుంది. కుక్క పిడుదు అలా కాదు. పిల్లదశలో ఒకసారి, నడిదశలో ఒకసారి, పెద్దదయ్యాక ఒకసారి, మొత్తం మూడుసార్లు ఎక్కి రక్తం తాగి దిగిపోతుంది. దిగిన ప్రతిసారీ గోడ బీటల్లోకి, తాటాకు చూరులోకి, మంచం కోళ్ల సందుల్లోకి పాకుతుంది. కడుపు నిండిన ఆడపిడుదు ఒక్కటే నాలుగు వేల దాకా గుడ్లు పెట్టగలదు. తిండి లేకపోయినా పెద్ద పిడుదు నెలల తరబడి బతికి ఉంటుంది.

అందుకే కుక్కకు ఒకసారి మందు రాసి "పోయాయి" అనుకుంటే పది రోజులకు మళ్లీ అంతే. మకాం గోడల బీటలు సిమెంటుతో పూడ్చి సున్నం వెయ్యాలి. కుక్క పడుకునే గోనెసంచిని కాల్చెయ్యాలి, లేదా మరిగే నీళ్లలో వేసి ఎండబెట్టాలి. కుక్కకు వాడే మందు డాక్టరు చెప్పిన గడువు ప్రకారం మళ్లీ మళ్లీ వాడాలి.

పిడుదు పీకేటప్పుడు చిన్న పట్టకారుతో తలకు దగ్గరగా, చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగాలి. కిరసనాయిలు పొయ్యటం, అగ్గిపుల్లతో కాల్చటం వద్దు. గోటితో నలపటం అసలే వద్దు. పీకినవాటిని స్పిరిట్ పోసిన సీసాలో వెయ్యాలి.

పిడుదు చేసే అసలు నష్టం గోకుడు కాదు. దాని కాటుతో ఎర్లీకియా, బబీసియా అనే రక్తపు జబ్బులు వస్తాయి. జ్వరం, తిండి మానటం, చిగుళ్లు పాలిపోవటం, ముక్కు నుంచి రక్తం కారటం, మూత్రం ఎర్రగా రావటం వీటి లక్షణాలు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రక్తపరీక్షలో తేలిక మందు మొదలుపెడితే చాలా కుక్కలు కోలుకుంటాయి. ఆలస్యమైతే ఎముకల్లోని మూలుగ దెబ్బతిని కొత్త రక్తం పుట్టదు.

గెంతే పురుగులు

ఫ్లీ ఉన్నదీ లేనిదీ ఇంట్లోనే తెలుసుకోవచ్చు. తెల్లకాగితం కింద పరిచి, సన్నపళ్ల దువ్వెనతో కుక్క నడుము మీద దువ్వండి. కాగితం మీద రాలిన నల్లటి నలుసుల మీద నీటిచుక్క వెయ్యండి. ఎర్రగా కరిగితే అది ఫ్లీ తాగి విసర్జించిన రక్తం. ఈ పురుగుల్లో కుక్క మీద కనిపించేవి నూటికి అయిదే అనుకోవచ్చు. మిగతావి గుడ్లు, పిల్లపురుగులు, గూళ్ల రూపంలో నేల మీద, దుమ్ములో, చాపల్లో ఉంటాయి. ఇల్లు ఊడ్చి ఆ దుమ్మును కాల్చటం కూడా మందే. ఈ పురుగును నమిలి మింగిన కుక్కకు బద్దెపురుగు పడుతుంది. కాబట్టి దానికీ మందు వెయ్యాలి.

గజ్జి రెండు రకాలు

అంటుగజ్జికి కారణం సార్కోప్టెస్ అనే కంటికి కనపడని పురుగు. చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి పెద్దపురుగు అవటానికి రెండు మూడు వారాలు పడుతుంది. చెవి అంచును వేళ్ల మధ్య పట్టి రుద్దినప్పుడు కుక్క వెనక్కాలు గోకుతున్నట్టు గాల్లో ఆడితే ఈ గజ్జి ఉండటానికి అవకాశం ఎక్కువ. ఇది ఒక కుక్క నుంచి ఇంకోదానికి త్వరగా పాకుతుంది. కుక్కను ఎత్తుకున్నవారి చేతుల మీద, పొట్ట మీద ఎర్రటి దురద పొక్కులు వస్తాయి. మనిషి మీద ఈ పురుగు ఎక్కువ కాలం నిలవదు. కుక్కకు నయమైతే సాధారణంగా మనకూ తగ్గుతుంది. కానీ మకాంలో నాలుగు కుక్కలుంటే, ఒకటే గోక్కుంటున్నా నాలుగింటికీ వైద్యం చెయ్యాలి.

రెండోది డెమోడెక్స్. ఈ పురుగు పుట్టిన మొదటి రెండు మూడు రోజుల్లో పాలు తాగేటప్పుడు తల్లి నుంచి పిల్లకు వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క చర్మంలో కూడా కొద్దిగా ఉంటుంది. ఒంట్లో శక్తి తగ్గినప్పుడే విజృంభిస్తుంది. ఇది మనిషికి అంటదు. కుక్కపిల్లల్లో ఒకటి రెండు చోట్ల మచ్చలుగా వస్తే చాలాసార్లు దానంతట అదే తగ్గుతుంది. ఒళ్లంతా పాకి చీము పడితే మాత్రం నెలల తరబడి వైద్యం కావాలి. గోకుడు తగ్గుతుందని స్టెరాయిడ్ ఇంజక్షన్ చేయిస్తే ఈ జబ్బు ఇంకా ముదురుతుంది. "ఒక్క ఇంజక్షన్‌తో గోకుడు ఆపేస్తా" అనేవారి మాట నమ్మి మోసపోవద్దు.

తామర, చీము, వాసన

తామర బూజు జాతి జబ్బు. కుక్క నుంచి పిల్లలకు తేలిగ్గా అంటుతుంది. ఇంట్లో పిల్లల మెడ మీద, చేతుల మీద గుండ్రటి మచ్చలు కనపడితే కుక్కను, పిల్లిని కూడా చూపించాలి. రాలిన వెంట్రుకల్లో దీని బీజాలు ఏడాది పైన కూడా బతకగలవు. మచ్చ కనపడకుండా పోగానే మందు ఆపకూడదు. డాక్టరు ఆపమనేదాకా వాడాలి.

చీము పొక్కులు చాలావరకు తోక జబ్బులు. అంటే ముందు ఇంకేదో కారణంతో గోక్కుంటే ఆ గాట్లలో సూక్ష్మజీవి చేరి చీము పడుతుంది. చీముకు మాత్రలు వాడి, అసలు కారణమైన పిడుదునో అలర్జీనో వదిలేస్తే మందు ఆపిన వారానికే మళ్లీ మొదలవుతుంది. మెడికల్ షాపులో అడిగి రెండు రోజులు యాంటీబయాటిక్ వేసి మానెయ్యటం మరీ ప్రమాదం. సూక్ష్మజీవి మందుకు లొంగకుండా తయారవుతుంది.

ఈస్టు పట్టిన కుక్క దగ్గరకు వస్తేనే వాసన తెలుస్తుంది. చర్మం మందంగా, నల్లగా మారుతుంది. దీనికి మందు షాంపూ ఒంటికి పట్టించి పది నిమిషాలు ఉంచి కడగాలి. పట్టించిన వెంటనే నీళ్లు పోస్తే ఫలితం ఉండదు. కడిగాక వేళ్ల సందులు, చెవులు పొడిగుడ్డతో తుడవటం మరవొద్దు.

గోకుడు లేకుండానే రెండు పక్కలా వెంట్రుక పల్చబడి, తోక బోడిగా మారి, కుక్క లావెక్కి మందకొడిగా ఉంటే థైరాయిడ్ గ్రంథి లోపం ఉందేమో రక్తపరీక్షలో తెలుస్తుంది. ఈనిన కుక్కకు రెండు మూడు నెలల్లో వెంట్రుక రాలటం మాత్రం సహజమే. మంచి తిండి పెడితే మళ్లీ వస్తుంది.

ఈ పనులు చెయ్యొద్దు

పాడు ఇంజనాయిలు: కుక్క నాకితే పొట్టలోకి, పీలిస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాలేయం, మూత్రపిండాలు దెబ్బతింటాయి. చర్మం కాలుతుంది.

పంట పురుగుమందులు: మోనోక్రోటోఫాస్ వంటివి చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతాయి. చొంగ కారటం, కండరాలు అదరటం, కనుపాప చిన్నదవటం, మూర్ఛ వస్తాయి. అలా జరిగితే చేతులకు తొడుగులు వేసుకుని కుక్కను సబ్బునీళ్లతో కడిగి, మందు డబ్బాతో సహా వెంటనే డాక్టరు దగ్గరకు పట్టుకెళ్లాలి. ఏ మందో తెలిస్తేనే విరుగుడు త్వరగా పడుతుంది.

గమాక్సిన్ పొడి: ఒకప్పుడు ఇంటింటా చల్లేవారు. ఆ బి.హెచ్.సి. పొడిని మన దేశంలో 1997లోనే నిషేధించారు. పాత డబ్బా అటక మీద ఉన్నా కుక్క మీద చల్లొద్దు.

ఫినాయిలు: ఇది నేల కడగటానికే. కుక్క ఒంటికి విషం.

పశువుల ఐవర్‌మెక్టిన్ ఇంజక్షన్: ఇది మంచి మందే. దీని వెనుక పరిశోధనకు విలియం క్యాంప్‌బెల్, సతోషి ఒమురా అనే శాస్త్రవేత్తలకు 2015లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. కానీ పశువులకు అమ్మే ఒక శాతం మందు 50 కిలోల బరువుకు ఒక మిల్లీలీటరు లెక్కన తయారైంది. ఆ లెక్క ప్రకారం 15 కిలోల కుక్కకు 0.3 మి.లీ. మాత్రమే వస్తుంది. కంటి అంచనాతో 2 మి.లీ. ఎక్కిస్తే ఆరు రెట్లు మించిపోయినట్టే. కనుపాపలు పెద్దవై, తూలి, చూపు పోయి, స్పృహ తప్పవచ్చు. కోలీ వంటి కొన్ని జాతులు ఈ మందును తట్టుకోలేవు. మందు మెదడులోకి పోకుండా ఆపే జన్యువులో లోపమే దానికి కారణమని 2001లో తెలిసింది. కాబట్టి ఈ ఇంజక్షన్ ఎంత వెయ్యాలో, అసలు వెయ్యొచ్చో లేదో పశువైద్యుడే చెప్పాలి.

ఇప్పుడున్న మందులు

పిడుదులకు, గజ్జికి అమిట్రాజ్ ద్రావణం చాలాకాలంగా వాడుకలో ఉంది. 12.5 శాతం మందును లీటరు నీటికి 2 మి.లీ. చొప్పున కలిపితే పదిలక్షల పాళ్లలో 250 పాళ్ల బలం వస్తుంది. ఏ బలంతో, ఎన్నాళ్లకొకసారి వాడాలన్నది జబ్బును బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. చిన్న కుక్కపిల్లలకు, బాలింత కుక్కలకు ఆయన్ను అడగకుండా వాడొద్దు. కళ్లలో పడకుండా చూడాలి. ఆరేదాకా కుక్క నాక్కోకుండా మెడకు అట్టపట్టీ కట్టాలి. ఉబ్బసం, మధుమేహం ఉన్నవారు ఈ మందు కలపకూడదు.

2013 తరవాత ఐసాక్సాజోలిన్ జాతి మాత్రలు వచ్చాయి. కుక్క నమిలి తినేవి ఇవి. రకాన్ని బట్టి నెల నుంచి మూడు నెలల దాకా పిడుదులు, ఫ్లీలు చస్తాయి. రెండు రకాల గజ్జికీ బాగా పనిచేస్తున్నాయి. ఖరీదు ఎక్కువే. బరువును బట్టి మాత్ర ఉంటుంది. ఫిట్స్ వచ్చే కుక్క అయితే ముందే డాక్టరుకు చెప్పాలి.

చెరువు రైతులకు ప్రత్యేకంగా ఒక మాట. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ వంటి పిడుదుమందులు చేపకు, రొయ్యకు అతి తక్కువ మోతాదులో కూడా విషం. మందు రాసిన కుక్క చెరువులో దిగితే, కడిగిన నీళ్లు గట్టు మీంచి జారితే నష్టం కుక్కతో ఆగదు. స్నానం చెరువుకు, కాలవకు దూరంగా చేయించండి. మందు పూర్తిగా ఆరేదాకా గొలుసు విప్పొద్దు. మిగిలిన ద్రావణం నీళ్లలో పారబోయొద్దు. ఇదే జాతికి చెందిన పెర్‌మెత్రిన్ పిల్లులకూ విషమే.

తిండిలోనే నిగారింపు

కుక్క తిన్న మాంసకృత్తుల్లో నాలుగో వంతు దాకా చర్మానికి, వెంట్రుకలకే ఖర్చవుతుంది. ఏడాది పొడుగునా మజ్జిగన్నం మాత్రమే తినే కుక్క బొచ్చు గరుకుగా, రంగు వెలిసి ఉండటంలో వింత లేదు. మన డెల్టాలో చేపకు కొదవ లేదు. ముళ్లు తీసి ఉడికించిన చేపను అన్నంలో కలపండి. చేపనూనె చర్మానికి మంచిది. కోడిగుడ్డు ఉడికించి పెట్టండి. పచ్చి తెల్లసొన రోజూ పెడితే చర్మానికి కావలసిన బయోటిన్ అనే విటమిన్ అందదు. ఉప్పుచేప, ఉల్లిపాయ వేసిన కూర, కారం పులుసు వద్దు.

స్నానం రెండు మూడు వారాలకు ఒకసారి చాలు. కుక్కలకు చేసిన షాంపూ వాడాలి. రోజూ దువ్వటం స్నానం కంటే మేలు. రాలిన వెంట్రుక పోతుంది, పిడుదు ఉంటే చేతికి తగులుతుంది. వేపనూనె, కానుగనూనె కొద్దిగా పలుచన చేసి రాస్తే పురుగు కొంత దూరంగా ఉండొచ్చు కానీ ముదిరిన గజ్జిని అవి నయం చెయ్యవు.

మన నేల కుక్క జోనంగి

గుబురు బొచ్చు కుక్కను కొని ఈ ఉక్కలో అవస్థ పడేవారు మన ప్రాంతపు జోనంగిని గుర్తు చేసుకోవాలి. కొల్లేరు చుట్టుపక్కల, గోదావరి, కృష్ణా జిల్లాల్లో బాతుల మందల వెంట తిరిగిన కుక్క ఇది. నున్నటి పొట్టి వెంట్రుకలు, నుదుటి మీద ముడతలు, మొరుగుడు తక్కువ. మన్నులో గొయ్యి తవ్వుకుని పడుకునే అలవాటు. బాతుల పెంపకం పోయి చేపల చెరువులు వచ్చాక దీన్ని పెంచేవారు తగ్గిపోయారు. పొట్టి వెంట్రుక వల్ల తడి త్వరగా ఆరుతుంది. పిడుదు, మచ్చ మొదట్లోనే కంటపడతాయి. దీనికి చర్మవ్యాధులు రావని కాదు. వస్తే దాగవు. కాపలాకి కొత్తగా కుక్కను తెచ్చుకునేవారు నాటు పిల్లను ఎంచుకుంటే సగం బాధ తప్పుతుంది.

గుర్తుంచుకోండి

- గోకుడు వారం దాటితే, వెంట్రుక రాలి చర్మం కనపడితే దగ్గరలోని ప్రభుత్వ పశువైద్యశాలలో చూపించండి. పెద్ద పరీక్షలు కావలసి వస్తే 1998లో మొదలైన గన్నవరం పశువైద్య కళాశాల ఉంది.
- ఇంతకుముందు ఏ మందు, ఎంత వాడారో దాచకుండా చెప్పండి.
- మందు రాసేటప్పుడు మూతికి గుడ్డపట్టీ వదులుగా కట్టండి. నొప్పి పుడితే పెంచిన కుక్క కూడా కరుస్తుంది. కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పోసే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే రేబిస్ టీకా వేయించుకోండి.
- కుక్కకు ఏటా రేబిస్ టీకా మానొద్దు.
- చర్మవ్యాధి ఉన్న కుక్క పక్కన పిల్లలను పడుకోబెట్టొద్దు. ముట్టుకున్నాక చేతులు కడిగించండి.

రాత్రంతా చెరువు కాసే కుక్క జీతం అడగదు, నొప్పి చెప్పుకోలేదు. గోక్కుని మాత్రం చూపిస్తుంది. రైతు సోదరులు ఇంజనాయిలు డబ్బా కోసం వెతికే ముందు ఆ గోకుతున్న చోటు ఏదో ఒకసారి వంగి చూస్తే చాలు, సగం వైద్యం అక్కడే అయిపోతుంది.